కేబుల్ తీగ మీద మడిచీర

మా మిద్దె మీద నిలబడి తలెత్తితే తొంభైల మొదట్లో ఉత్త ఆకాశం కనపడేది. కొన్నేళ్ళలోనే దాని నిండా తీగలు పరుచుకున్నాయి. తంగసాల వీధి వెనక సందుల్లో ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి కేబుల్ వాళ్ళకు స్తంభాలతో పనే లేకపోయింది. ఒక పిట్టగోడకు కట్టి, సందు మీదుగా విసిరి, ఎదుటి మిద్దె మీది నీళ్ళ ట్యాంకుకు చుట్టి, అక్కడినుంచి ఇంకో ఇంటికి లాక్కుపోయేవాళ్ళు. ఎవరినీ అడిగిన పాపాన పోలేదు. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి నెత్తిమీద ఇంకో నల్ల తీగ ఉండేది.

నాకు ఆ తీగలంటే మొదటినుంచీ ఇష్టమే. చెబితే నవ్వుతారు గానీ, పనిలేనప్పుడు మిద్దె ఎక్కి ఏ తీగ ఎటు పోతోందో చూస్తూ నిలబడేదాన్ని. మా ఇంట్లో ఎక్కడికైనా పోయే వస్తువు అదొక్కటే అనిపించేది.

నేను పెరంబూరు పిల్లను. మా నాన్న బడిపంతులు. బి.ఏ. పూర్తికాగానే పసుపూ మిరపకాయలూ టోకున అమ్మే ఇంటికి కోడలినయ్యాను. ఇంట్లో మామగారు, అత్త, నా భర్త, నేను. మిద్దె మీద గదిలో బాడుగకున్న తమిళ కుటుంబం ఒకటి. మగవాళ్ళిద్దరూ పొద్దున్నే కొట్టుకు పోతే మధ్యాహ్నం భోజనానికి వచ్చేవాళ్ళు. వంటపని తెల్లారకముందే మొదలై పదింటికల్లా తెమిలిపోయేది. ఆ తర్వాత గోడ గడియారం తప్ప ఆ ఇంట్లో ఏదీ కదిలేది కాదు. నేను మెట్లెక్కేదాన్ని, దిగేదాన్ని. వీధి తలుపు తీసేదాన్ని, వేసేదాన్ని. టీవీ పెట్టి ఒక్క చానలు మీదా నిలవకుండా తిప్పుతూనే ఉండేదాన్ని.

"ఏమే, నీ కాళ్ళకేమన్నా చక్రాలుండాయా? ఒక తావ కుదురుగా కూసోలేవా?" అనేది అత్త.

"కూర్చుని ఏం చెయ్యమంటారత్తా?"

"గమ్మున కూసో. అదే పని."

ఆ పని ఒక్కటే నాకు చేతకాలేదు. లోపల ఏదో ఉడుకుతూ ఉండేది. ఎవరితోనైనా మాట్లాడాలి, గట్టిగా మాట్లాడాలి, ఎవరో ఒకరు విని అవుననో కాదనో అనాలి. పెళ్ళికి ముందు కాలేజీలో వక్తృత్వపు పోటీలకు పోయిన నోరు నాది. ఇక్కడికొచ్చాక దానికి కొత్తిమీర బేరం తప్ప ఇంకో పని లేకుండా పోయింది.

మా అత్తను గురించి కొంచెం చెప్పాలి. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఆమె మడి మా సందంతా ఎరిగిన మడి. రోజూ తెల్లవారుజామున తలారా స్నానం చేసి, మర్నాడు కట్టుకోబోయే నూలుచీరను తడిపి పిండి, హాలు పైకప్పు కింద కట్టిన దండెం మీద పొడుగు కర్రతో ఆరేసేది. మర్నాడు ఆమె దాన్ని కర్రతోనే దించి కట్టుకునేదాకా ఇంకెవరి చెయ్యీ దానికి తగలకూడదు. తగిలితే మైల, మళ్ళీ తడపాలి. టీవీ కూడా ఆ హాల్లోనే ఉండేది. చీర అంచు తలకు తగలకుండా వంగి నడవడం ఆ ఇంటి కోడలు నేర్చుకోవలసిన మొదటి విద్య. నేను అందులో ఎన్నిసార్లు తప్పానో చెప్పుకోకపోవడమే మేలు. ఇంకో సంగతి, ఆడవాళ్ళకు సంబంధించి ఏ ప్రశ్న వచ్చినా మామగారు "మీ అత్త నడుగు" అని తప్పుకునేవారు. ఆమె మాటే కడపటి మాట.

మా సందుకు కేబుల్ ఇచ్చే మనిషి అంతకుముందు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు. తమిళతను, మా వీధుల్లో పెరిగి తెలుగు పట్టుకున్నాడు. రెండు సందుల అవతల ఒక మిద్దె మీద గొడుగుల్లాంటి డిష్షులు బిగించి, పక్కన రేకుల గది వేసి, దానికి కంట్రోల్ రూమ్ అని పేరు పెట్టుకున్నాడు. ఒక ఆదివారం మేము తెలుగు సినిమా చూస్తుండగా సగంలో అది పోయి క్రికెట్టు వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. ఫోను తీసి అతనికి చేశాను.

"ఏమయ్యా, ఈ సందులో సగం మంది తెలుగువాళ్ళమే గదా. మాకున్నదే ఒక్క చానలు, దాన్నీ మధ్యలో పీకేస్తావా? నువ్వు అన్నం తింటూ ఉంటే ఎవరైనా విస్తరి లాక్కుంటే ఊరుకుంటావా?" అని మొదలుపెట్టి ఊపిరి తీసుకోకుండా కడిగేశాను.

అతను అంతా విన్నాడు. చివరికి, "అక్కా, ఇంత బాగా మాట్లాడేదానికి వస్తాది గదా మీకు," అన్నాడు. "మన లోకల్ చానల్ ఒకటుండాది. పాటలు, అడ్వర్టైజ్‌మెంట్లు అంతే వేస్తా వుండాను. శుక్రవారం పదకొండుకు తెలుగులో అర్ధగంట మీరొచ్చి మాట్లాడండక్కా. జనం ఫోన్ చేస్తారు, మీరు పేసండి, అదే, మాట్లాడండి, సరియా?"

ఫోను పెట్టేశాక నేను మెట్ల మీద ఎన్నిసార్లు పైకీ కిందికీ తిరిగానో నాకే తెలియదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర విషయం చెప్పాను. నా భర్త, "నాకేం, నాన్న సరేనంటే సరి," అని మజ్జిగన్నంలో తలదూర్చాడు. మామగారు, "టీవీలోనా? మన ఇంటి కోడలా?" అని కాసేపు నమిలి, అలవాటు ప్రకారం, "మీ అత్త ఏమంటాదో అడుగు," అన్నారు.

అత్త వంటింటి గడపలో నిలబడి ఉంది. "ఏం మాట్లాడతావు ఆడ?" అని అడిగింది.

"ఫోన్ చేసిన వాళ్ళతో మాట్లాడతాను. ఏదంటే అది."

"ఎవురో తెలియని వాళ్ళతోనా?"

"తెలియని వాళ్ళేంటత్తా, అంతా మన సందులవాళ్ళే."

ఆమె మామగారి వైపు తిరిగింది. "సరి, ఒక తూరి పోయిరానీ. నేను చూస్తా. చూసినాక చెప్తా, పోవచ్చునా కూడదా అని."

అంతే తీర్పు. నేను చిన్నపిల్లలా గంతులేయాలనుకున్నాను, పైకి మాత్రం "సరే అత్తా" అన్నాను. ఆ శుక్రవారం నా అదృష్టమంతా మా హాల్లోని టీవీ ముందు ఆమె కూర్చోబోయే ఆ అర్ధగంట మీద ఆధారపడి ఉంది. ఆమె "కూడదు" అంటే మళ్ళీ నాకు మెట్లు, వీధి తలుపు, గోడ గడియారమే.

అది వానాకాలం చివర. వారం రోజులు ముసురు పట్టి, ఆ శుక్రవారం పొద్దున్నే ఎండ కాసింది. గాలి మాత్రం సముద్రం వైపునుంచి విసురుగా వీస్తోంది. నేను నీలం చీర కట్టుకుని పదిన్నరకే కంట్రోల్ రూమ్‌కు పోయాను. లోపల పెట్టెల వేడికి కొలిమిలా ఉంది. వెనక గోడకు ఒక పరదా, ముందు చిన్న కెమెరా, బల్లమీద ఫోను. చప్పుడు వినపడుతుందని ఫ్యాను ఆపేశారు. చెమట కారుతోంది. అతను వేలు పైకెత్తి చూపించగానే నమస్కారం పెట్టి మొదలుపెట్టాను.

ఏం మాట్లాడానో పొల్లుపోకుండా చెప్పలేను. మొదటి ఫోను వచ్చేదాకా భయం. ఎవరో పెద్దామె తమిళంలో మొదలుపెట్టి, రెండో వాక్యానికి తెలుగులోకి జారి, "మా ఇంట్లో పిల్లోళ్ళు నాతో తెలుగు మాట్లాడరమ్మా, నీతో నాలుగు మాటలు మాట్లాడదామని చేసినా," అంది. ఇంకొకామె నీళ్ళ లారీ తమ సందుకు ఎందుకు రావడం లేదని నాతో పోట్లాడింది, నేనే నడుపుతున్నట్టు. ఒకాయన మనలి ఫ్యాక్టరీల వైపునుంచి వచ్చే గ్యాసు కంపు గురించి చెప్పాడు. నేను నవ్వాను, ఎదురు ప్రశ్నలు వేశాను, కోప్పడ్డాను. అర్ధగంట ఎటుపోయిందో తెలియలేదు. మెట్లు దిగి ఇంటికి వస్తుంటే కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఇంటి దగ్గర దృశ్యం వేరుగా ఉంది. హాల్లో చాప మీద మా సందు ఆడవాళ్ళు నలుగురైదుగురు వక్కాకు నములుతూ కూర్చుని ఉన్నారు. వాళ్ళెదురుగా టీవీ. టీవీలో బొమ్మ లేదు, తెరనిండా చీమల్లాంటి చుక్కలు, గరగరమనే శబ్దం.

"నువ్వు దణ్ణం పెట్టింది చూసినామమ్మా," అంది పక్కింటామె. "నోరు తెరిచినావు. అంతే, పోయింది."

తర్వాత ఆమే నాకు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆ పొద్దున సందులోవాళ్ళు మా ఇంటికొచ్చి చూస్తామని కబురు పెట్టారట. హాలునిండా మనుషులు కూర్చుంటే దండెం మీది మడిచీరకు ఎవరి తలో తగలక మానదు. అందుకని అత్త ఎప్పుడూ లేనిది ఆ రోజు చీరను మిద్దె మీదికి తీసుకుపోయింది. మిద్దె మీద తాళ్ళున్నాయి, కానీ అవన్నీ బాడుగవాళ్ళ బట్టలు ఆరేసిన తాళ్ళు. వాటి మీద మడిచీర వేస్తే ఇక మడెక్కడిది? ఆమె చుట్టూ చూసింది. నెత్తిమీద ఎత్తుగా, బిగుతుగా, ఎవరి చెయ్యీ అందని తీగ ఒకటి కనపడింది. ఏ మనిషీ ఏ బట్టా ముట్టని తీగ. మడికి అంతకన్నా మంచి దండెం ఉంటుందా? కర్రతో చీరను దాని మీద చక్కగా పరిచి, కిందికొచ్చి, చాప వేసి, వచ్చినవాళ్ళకు తాంబూలం తట్ట పెట్టింది.

తడిచీర బరువు, పైన సముద్రపు గాలి. చీర తెరచాపలా నిండి తీగను లాగింది. నేను నమస్కారం పెట్టిన వేళకు పిట్టగోడ దగ్గరున్న అతుకు ఊడిపోయింది. మా ఇంటితో మొదలై సందు చివరిదాకా అందరి టీవీల్లోనూ చీమలు.

అంతటితో అయినా పోనీ అనుకోవచ్చు. లైను చూసే మనిషి సైకిలు మీద వెంటనే వచ్చాడట. మిద్దె ఎక్కి చీరను చూసి, దాన్ని లాగెయ్యబోతే, కింద మెట్ల మీదినుంచి అత్త కేకేసింది.

"ముట్టుకోవద్దు! అయ్యో, దాన్ని ముట్టుకోవద్దు నాయనా, మడిచీర!"

"అమ్మా, లైను పోయిందమ్మా."

"నేనొచ్చి తీస్తా. నువ్వు అంత దూరంలో నిలబడు."

కర్ర ఎక్కడ పెట్టిందో ఆమెకు గుర్తు రాలేదు. వెతికి, మెట్లెక్కి, గాలికి తీగచుట్టూ మెలిపడిన చీరను కర్ర చివరతో ఒక్కో మెలికా విప్పుతూంటే, ఆ మనిషి చేతులు కట్టుకుని పిట్టగోడ దగ్గర నిలబడిపోయాడు. చీర దిగేసరికి నా కార్యక్రమం ముగిసింది.

పక్కింటామె ఇదంతా చెప్పి పొట్టపట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మిగతా వీధులన్నీ నన్ను చూశాయి. చూడవలసిన మనిషి ఒక్కతే చూడలేదు. ఆమె వంటింట్లో గిన్నెలు సర్దుతోంది, మొహం కడుక్కున్నట్టు తడిగా ఉంది. కావాలనే చేసిందా అన్న అనుమానం నాకు వచ్చింది.

మధ్యాహ్నం మామగారు విస్తరి ముందు కూర్చోగానే అడిగారు. "ఏం, ఎట్లుండాది కోడలి ప్రోగ్రాము?"

"చూళ్ళేదు," అంది అత్త. "తీగ ఊడిపోయె."

"మరి?"

"మరేముండాది? చూడకుండా ఎట్లా చెప్పేది? వచ్చే వారం మళ్ళా పోనీ. చూసినాక చెప్తా."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో వారం దొరికింది. ఈసారి తీగకు ఏ చీరా తగలదు, ఆమె చూస్తుంది, తేలిపోతుంది అనుకున్నాను.

తేలలేదు. రెండో శుక్రవారం నేను తిరిగొచ్చి "చూశారా అత్తా?" అంటే, "యాడ, పూజ ముగిసేసరికే ఆలస్యమైపోయె," అంది. ఆ తర్వాతి వారం తలనొప్పి. ఇంకో వారం ఊరగాయకు ఎండబెట్టిన ముక్కల కావలి. మరో వారం గుడికి పోయాను అంది. సందులో ఆడవాళ్ళను హాల్లో చేరనివ్వడం కూడా మానేసింది. "మీ ఇండ్లలో టీవీలు లేవా? నా మడికి అడ్డం," అని పంపించేసేది. శుక్రవారాలు వచ్చాయి, పోయాయి. ప్రతి శుక్రవారమూ నేను ఆశతో ఇంటికి పరుగెత్తుకొచ్చి, చెప్పులు విడవకముందే అదే ప్రశ్న అడిగి, అదే జవాబు వినేదాన్ని.

నమ్మకం కుదరక ఒకసారి నేరుగా హాల్లోకి పోయి టీవీ వెనక చెయ్యి పెట్టి చూశాను. అప్పటిదాకా నడిచిన టీవీ అయితే వేడిగా ఉండాలి. రాయిలా చల్లగా ఉంది. ఇంకెన్నిసార్లో చూశాను. ఎప్పుడూ చల్లగానే ఉండేది. ఆ చల్లదనం అరచేతికి తగిలినప్పుడల్లా నాకు ఎంత కోపం వచ్చేదో! వీధిలో ముక్కూ మొహం తెలియనివాళ్ళు నన్ను ఆపి మాట్లాడుతున్నారు. కూరగాయల బండి దగ్గర "మీరేనా ఆ అమ్మ!" అంటున్నారు. ఒకే ఇంట్లో ఉంటూ, నా కోసం స్విచ్చి నొక్కడానికి ఈమెకు తీరికలేదు. నా భర్తతో ఎన్ని రాత్రులు సణిగానో! అది కొట్టులో పనివేళ కాబట్టి అతనికి చూసే వీలు లేదు. "ఆమె అంతే, ఊరుకో," అనేవాడు. ఊరుకోవడం నా జాతకంలో లేదు. లోలోపల రగులుతూనే ఉండేదాన్ని.

ఒకసారి నిజంగానే ముప్పు వచ్చింది. ఫోనులో ఎవరో కుర్రవాడు తన మేనత్తను అనుకరిస్తూ మాట్లాడితే నేను పగలబడి నవ్వాను. ఆ నవ్వు మామగారి దాయాదుల ఇంటిదాకా పోయింది. వాళ్ళలో ఒకాయన కొట్టుకొచ్చి, "పరాయి మగవాడితో మీ కోడలు అట్లా నవ్వేదేంది?" అన్నాడట. మామగారు మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చుని అన్నం కలపకుండా అత్త వైపు చూశారు.

"ఏం చేద్దాం? మాన్పించేద్దామా?"

నేను తలుపు పక్కన నిలబడి వింటున్నాను.

"నేనింకా చూళ్ళేదు," అంది అత్త. "ఎవురో వచ్చి ఏమో చెప్తే దాన్ని పట్టుకుని నేనేమనేది? చూడనీండి. చూసినాక చెప్తా."

మామగారు అన్నం కలుపుకున్నారు. అప్పుడు కూడా నాకు తట్టింది ఒక్కటే. ఇంత గొడవ జరిగినా ఈమెకు ఒక్కసారి చూద్దామని లేదే అని.

అలా ఏళ్ళు గడిచాయి. నాకు కూతురు పుట్టినప్పుడు కొన్ని నెలలు మానుకుని, మళ్ళీ పోయాను. రేకుల గది సున్నం వేసిన గది అయింది. ఈ లోపల మా వీధుల రూపు మారిపోతూ వచ్చింది. ఒక ఎండాకాలం పెద్ద రోడ్డు పొడుగునా గొయ్యి తవ్వారు. నారింజ రంగు గొట్టాల చుట్టలు అంగళ్ళ ముందు దొర్లించి పెట్టారు. జనం ఆ గోతులను దాటుకుంటూ, తవ్వేవాళ్ళను తిట్టుకుంటూ నడిచారు. ఎవరో పెద్ద కంపెనీవాళ్ళు నేల కింద ఫైబర్ తీగ వేస్తున్నారని, లోపల గాజు ఉంటుందని, వెలుతురులోనే బొమ్మలు పోతాయని చెప్పుకున్నారు. నేను గోతి అంచున నిలబడి చూసేదాన్ని. మిద్దెల మీది నల్ల తీగలనైతే కంటితో వెంబడించవచ్చు. ఇది మట్టిలోకి దూరి ఎటు పోతుందో తెలిసేది కాదు. నాకు ఊరికే గుబులుగా ఉండేది.

ఆ గుబులు నిజమైంది. ఒక శుక్రవారం కార్యక్రమం ముగిసి నేను మైకు విప్పుతుంటే కేబుల్ అతను వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, ఇదే కడపటిది," అన్నాడు.

"అంటే?"

"ఇంక మన డిష్షులతో పనిలేదక్కా. కంపెనీ తావనుంచి ఫైబర్‌లో అన్ని చానళ్ళూ వచ్చేస్తాయి. మనం ఇండ్లకు ఇచ్చేది మాత్రమే. రేపు కంప్యూటర్‌కు ఇంటర్నెట్టు కూడా దీంట్లోనే అంట. పిక్చర్ ఎట్లా వుంటాదంటారు! అద్దం మాదిరి." ముందు ఉత్సాహంగానే చెప్పాడు, తర్వాత గొంతు తగ్గింది. "లోకల్ చానల్ కూడా వాళ్ళదే. ఊరంతటికీ ఒకటి. తమిళంలోనే."

"నువ్వు ఒప్పుకున్నావా?"

"ఒప్పుకోకుంటే పక్క సందువాడు ఒప్పుకుంటాడక్కా. నేనేం చేసేది?"

నేను అతనితో పోట్లాడాను. మొదటిసారి ఫోనులో తిట్టినదానికన్నా ఎక్కువే తిట్టాను. అతను ఆ రోజులాగే అంతా విన్నాడు. ఈసారి చివర్లో లేచి ఆపేసిన ఫ్యాను వేశాడు.

ఇంటికి నడుస్తుంటే ఎక్కడైనా కూర్చుని గట్టిగా ఏడవాలనిపించింది. ఆ రోజు అత్తను ఏమీ అడగలేదు. ఇంక అడిగి ఏం లాభం? మగవాళ్ళు వచ్చారు, విస్తళ్ళు వేశాను. అత్త మడిలో వడ్డిస్తోంది, నేను ఎడంగా నిలబడి ఉన్నాను. మామగారు చారన్నంలోకి వచ్చాక, "టీవీలో నా ప్రోగ్రాము ఆగిపోయింది," అని చెప్పాను. పెద్ద కంపెనీ, ఫైబరు, అన్నీ చెప్పాను.

"పోనీలే, ఇన్నాళ్ళు పోయినావు గదా," అన్నారు మామగారు. నా భర్త నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

అత్త చేతిలో నేతిగిన్నె పట్టుకుని నిలబడింది. "నేను చూసినా," అంది.

"ఏం చూసినావు?"

"ఈమె ప్రోగ్రామును. చూసినాక చెప్తానంటి గదా. ఇప్పుడు చెప్తా వుండాను. బాగుండాది. పోవచ్చు."

మామగారు నవ్వారు. "ఇంక యాడికి పోయేది? మూసేసినారని చెప్తా వుండాది గదా."

"అందుకే ఇప్పుడు చెప్తా వుండాను."

"ఎప్పుడు చూసినావు నువ్వు?"

"వారం వారం. మిద్దె మీద బాడుగామె కిటికీ తావ నిలబడి. లోపలికి పోలేదులే, మడి. మన టీవీలో చూళ్ళేదు, చూళ్ళేదనే చెప్పినా."

అన్నం తింటున్న ఇద్దరి చేతులూ ఆగిపోయాయి. అత్త ఇంకెవరికో లెక్క అప్పజెబుతున్నట్టు నెమ్మదిగా మాట్లాడింది.

"బాగుండాదని చూసిన మొదటి వారమే అనుంటే, ఎవురేం చెప్పినా మీరొచ్చి నన్నే అడుగుదురు. నువ్వే గదా పొమ్మన్నావు అందురు. నాలుగు తూర్లు అడిగితే ఏదో ఒక దినం నేనే, సరి, మాన్పించెయ్యండి అనుందును. నా నోటి మీద నాకే నమ్మకం లేకపోయె. చూళ్ళేదంటే ఇంక ఎవురేమడుగుతారు?"

ఆమె అంత పొడుగు మాట మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. తర్వాత నా వైపు తిరిగింది.

"నీకొకటి చెప్పాల. అవతల మనిషి చెప్పి ముగించకముందే నవ్వేస్తావు. అది ఒకటే బాగలేదు. వాళ్ళను చెప్పనియ్యాల."

ఇన్నేళ్ళూ ఈ ఒక్క మాట కోసమే చెప్పులైనా విడవకుండా పరుగెత్తుకొచ్చాను. చల్లటి టీవీ మీద చెయ్యి వేసి ఆమెను లోపల్లోపల తిట్టుకున్నాను. ఆమె మాత్రం మెట్లెక్కి, పరాయివాళ్ళ కిటికీ బయట ఎండలోనూ ముసురులోనూ అర్ధగంట నిలబడి, నా తప్పులు కూడా గుర్తుపెట్టుకుంది. నాకు సంతోషం వచ్చింది, దాని వెంటే కోపం కూడా వచ్చింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నాతో రహస్యంగా చెప్పి ఉండకూడదా? చెప్పి ఉంటే నేను నోరు మూసుకుని ఉండేదాన్నా? ఉండేదాన్ని కాదు. అది ఆమెకు తెలుసు.

రెండడుగులు వేస్తే ఆమెను పట్టుకోవచ్చు. ఆమె మడిలో ఉంది. నేను గడప ఇవతలే నిలబడి, మగవాళ్ళు చూస్తున్నారన్న సిగ్గు లేకుండా బావురుమన్నాను. ఆమె నేతిగిన్నె కింద పెట్టింది. పని కోసం తిరిగిపోలేదు, గమ్మునుండమని అనలేదు. నా ఏడుపు ముగిసేదాకా నా ఎదుటే నిలబడి నన్ను చూస్తూ ఉండిపోయింది.